సర్ ఆర్థర్ కాటన్

కాటన్ దొర పేరు వినగానే ధవళేశ్వరము ఆనకట్ట స్మరణకు వచ్చును. ప్రొద్దుటూరు ప్రాంతపు పొలములకు నీరిచ్చు కర్నూలు–కడప కాలువకును ఆయన ఆలోచనయే మూలము.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించెను. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో ఈ దేశమునకు వచ్చెను. కావేరిపై చోళులు నిర్మించిన కల్లణై ఆయనకు గురువైనది. ఇసుక పునాదిపై ఆ ప్రాచీన కట్టడము శతాబ్దుల వరదలకు ఎట్లు ఓర్చినదో పరిశీలించి, ఆ విద్యను దేశీయుల పనితనము నుండియే గ్రహించెను. 1836లో కొల్లిడముపై ఆనకట్ట కట్టించెను. కరవులతో, 1839 నాటి తుపానుతో కృశించిన గోదావరి సీమకు 1847–52 నడుమ ధవళేశ్వరము ఆనకట్టతో ప్రాణము పోసెను.

వైనతేయ పాయకు ఆవలనున్న లంకభూములకు నీరు చేర్చుటకై గన్నవరమున అక్విడక్టు వెలసినది. 40 అడుగుల వెడల్పుగల 49 కమానులు కాలువను నదిమీదుగా మోసినవి. కమానులో ఒక ఇటుక మరియొక ఇటుకను ఒత్తుకొని నిలుచును. బరువంతయు స్తంభములకు దిగును. కాలువ నీరు సమముగా పరచుకొనిన బరువు గనుక కమానుకు అనుకూలము. బండి బరువు ఒక పక్కనే పడినచో కమాను ఆకారము చెదర జూచును. అందుచేతనే పాత వంతెనలను పరీక్షించు ఇంజనీర్లు నిండు బండిని కమాను మధ్యమున మాత్రమేగాక, నాలుగవ వంతు దగ్గర కూడ నిలిపి, కట్టడము ఎంత కదలినదో, బరువు తీసిన పిదప యథాస్థితికి వచ్చినదో లేదో కొలుతురు. గన్నవరము కమానులను కాలమే అట్లు పరీక్షించినది. 2000లో వాటి ప్రక్కనే క్రొత్త అక్విడక్టు వచ్చువరకు అవి దాదాపు నూటయేబది యేండ్లు నీరు మోసినవి.

కర్నూలు–కడప కాలువను నౌకాయానమునకు, సేద్యమునకు కూడ ఉద్దేశించి, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863–70 నడుమ త్రవ్వించెను. కర్నూలు వద్ద హంద్రిని అది అక్విడక్టుపై దాటును. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వము కాలువను కొనెను. పులివెందుల మెట్టలకు ఆ నీరు అందలేదు. కాలువలకు వెచ్చించిన ధనము వృథాయను విమర్శకు కాటన్, డెబ్బదియైదేండ్ల వయసున, 1878లో పార్లమెంటు సంఘము ఎదుట సమాధానము చెప్పవలసి వచ్చెను. 1899 జులై 24న ఆయన కన్నుమూసెను.

కంపెనీ లెక్కలు ఏనాడో ముగిసినవి. కాలువ మాత్రము నిలిచినది. ప్రజాహితమైన పనికి ఒక యేటి రాబడి కొలత కాదని, తరములు మోసిన బరువే దానికి నిజమైన పరీక్షయని కాటన్ జీవితము చాటుచున్నది.