చదరంగ సార్వభౌముడు అలెఖిన్

మన దేశంలో చతురంగంగా పుట్టిన క్రీడ పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపా చేరి చదరంగంగా స్థిరపడింది. రష్యనులు ఈ క్రీడను తమ సొంతం చేసుకొన్నంతగా మరే జాతీ చేసుకోలేదు. ఆ నేలమీద పుట్టి, మొట్టమొదటగా ప్రపంచ విజేత పీఠమెక్కినవాడు అలెగ్జాండర్ అలెఖిన్. అయితే ఆ విజయం లభించేనాటికి అతనికి స్వదేశం లేదు. విజేతగానే కన్నుమూసిన భాగ్యం ప్రపంచ చదరంగ చరిత్రలో అతనొక్కడికే దక్కింది. దానిని భాగ్యమనవచ్చునా అన్నది అతని జీవితం చదివినవారు ఆలోచించుకోవలసిన విషయం.

అలెఖిన్ 1892 అక్టోబరు 31న మాస్కోలో జన్మించాడు. తండ్రి భూస్వామి, రష్యా శాసనసభ డూమాలో సభ్యుడు. తల్లి సంపన్నులైన వస్త్ర పరిశ్రమాధిపతుల ఇంటి ఆడపడుచు. కుమారునికి పావుల నడక నేర్పినది ఆ తల్లియే. అన్న అలెక్సీ కూడా మంచి ఆటగాడు. 1902లో అమెరికా దేశస్థుడైన పిల్స్‌బరీ మాస్కోకు వచ్చి, బల్లలవైపు చూడకుండా ఏకకాలంలో 22 మందితో ఆడాడు. వారిలో ఒకడైన అలెక్సీ ఆ ఆటను డ్రా చేసుకొన్నాడు. పదేండ్ల తమ్మునికి ఆ ప్రదర్శన ఒక మహాద్భుతంగా తోచింది. నాటినుండి చదరంగమే అతనికి నిద్రాహారాలు. తరగతిలో కూర్చుండి కూడా బల్ల లేకుండానే మనసులో ఎత్తులు వేసుకొనేవాడు. ఉత్తరాల ద్వారా దూరప్రాంతాలవారితో పోటీపడేవాడు.

1909లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన అఖిల రష్యా పోటీలో గెలిచి, పదహారేండ్లకే మాస్టర్ బిరుదు పొందాడు. జార్ చక్రవర్తి బహూకరించిన పింగాణీ కలశం అతనికి బహుమతిగా లభించింది. ఆ పైన న్యాయశాస్త్రం చదివాడు. 1914లో అదే నగరంలో జరిగిన మహాపోటీలో లాస్కర్, కాపబ్లాంకాల తరువాత మూడవ స్థానం పొందాడు. లాస్కర్ నాటి ప్రపంచ విజేత. క్యూబా దేశీయుడైన కాపబ్లాంకా రేపటి విజేత. వారి వెనుక నిలిచిన ఈ యువకుణ్ణి లోకం అప్పుడే గుర్తించింది.

ఇంతలో కాలం ఎదురుతిరిగింది. 1914 వేసవిలో జర్మనీలోని మన్‌హైమ్‌లో పోటీ జరుగుతుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. పదకొండు ఆటలలో తొమ్మిదిన్నర పాయింట్లతో అందరికన్న ముందున్న అలెఖిన్, తోటి రష్యనులతోపాటు నిర్బంధింపబడ్డాడు. విడుదలై, పలు దేశాలు చుట్టి ఇల్లు చేరాడు. చేరినవాడు ఊరకుండక, జర్మనీలో చిక్కుబడిన తోటి ఆటగాళ్ళ సహాయార్థం ప్రదర్శన ఆటలు ఆడాడు. అటు పిమ్మట రెడ్‌క్రాస్ పక్షాన యుద్ధరంగంలో సేవచేస్తూ గాయపడి ఆసుపత్రి పాలయ్యాడు. మంచంపై పడుకొని కూడా, బల్ల చూడకుండా ఆడడం మానలేదు.

1917 విప్లవంతో కుటుంబ సంపద తుడిచిపెట్టుకుపోయింది. 1919లో ఒడెస్సా నగరంలో కొత్త ప్రభుత్వపు రహస్య పోలీసులు అతణ్ణి బంధించారు. మరణశిక్ష దాకా వెళ్ళి బయటపడ్డాడు. మరుసటి సంవత్సరమే మాస్కోలో జరిగిన అఖిల రష్యా పోటీలో ప్రథముడయ్యాడు. దానినే తరువాతి కాలంలో సోవియట్ దేశపు తొలి జాతీయ పోటీగా లెక్కించారు. కాని ఆ దేశంలో అతనికి నిలువనీడ లేదనిపించింది. 1921లో దేశం విడిచి, క్రమంగా పారిస్‌లో స్థిరపడ్డాడు. మరల మాతృభూమిలో అడుగుపెట్టలేదు.

వెళ్ళిన యేడే బుడాపెస్టులో అతడొక వింత ఆరంభాన్ని ప్రయోగించాడు. తెల్లవారు రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడిపినప్పుడు, నల్లవారు గుర్రాన్ని ముందుకు దూకించి, నన్ను తరుముకో అని ఎదుటి బంట్లను రెచ్చగొట్టడం దాని స్వరూపం. తరుముతూ ముందుకు వచ్చిన బంట్లకు వెనుక అండ తగ్గుతుంది. అప్పుడు వాటిపై దాడి చేయవచ్చు. ఈ పద్ధతికి అలెఖిన్ రక్షణ అని పేరు. నేటికీ ఆటగాళ్ళు దీనిని ఆడుతూనే ఉన్నారు.

చూడకుండా ఆడడంలో పిల్స్‌బరీకి శిష్యునిగా బయలుదేరినవాడు గురువును మించిపోయాడు. 1924లో న్యూయార్కులో 26 మందితో, 1925లో పారిస్‌లో 28 మందితో, 1933లో షికాగోలో 32 మందితో ఏకకాలంలో ఆడాడు. ముప్పదిరెండు బల్లలంటే ఆట మొదట 1024 పావులు! ఏ పావు ఏ గడిలో ఉన్నదో, ఏ ఎత్తుతో ఎక్కడికి కదిలిందో మనసులోనే నిలుపుకోవాలి. షికాగోలో అతడు 19 ఆటలు గెలిచి, 9 డ్రా చేసి, 4 మాత్రమే ఓడాడు. మన అష్టావధానాలలో పద్యాలు పూరిస్తూనే చదరంగం ఆడడం కూడా ఒక అంశంగా ఉండేదని తెలిసినవారికి ఈ ధారణ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక అతని జీవితంలోని ప్రధాన ఘట్టం 1927. అప్పటికి ప్రపంచ విజేత కాపబ్లాంకా. 1916 నుండి ఎనిమిదేండ్లపాటు ఒక్క ఆట కూడా ఓడని మహామేధావి. అతనితో తలపడదలచినవారు పదివేల డాలర్ల నిధి సమకూర్చాలన్నది నియమం. అర్జెంటీనావారు ఆ భారం వహించి, పోటీని బ్యూనస్ ఐరిస్‌లో ఏర్పాటు చేశారు. అలెఖిన్ గెలుస్తాడని నమ్మినవారు అరుదు. కారణం లేకపోలేదు. అప్పటివరకు అతడు కాపబ్లాంకాపై ఒక్క ఆట కూడా గెలవలేదు. ఆ యేడు న్యూయార్కు పోటీలో సైతం కాపబ్లాంకా రెండున్నర పాయింట్ల తేడాతో అతణ్ణి వెనుకకు నెట్టాడు.

అయితే ఆ ఓటమినే అలెఖిన్ పాఠ్యగ్రంథం చేసుకొన్నాడు. ప్రత్యర్థి ఆటలను ఒక్కొక్కటే ముందు పెట్టుకొని, పండితుడు తాళపత్రాన్ని పరిష్కరించినట్లు పరిశీలించాడు. ఎవ్వరికీ కనిపించని లోపం కనిపించింది. కాపబ్లాంకా తన సహజ ప్రతిభను నమ్ముకొని, లోతుగా లెక్కించవలసిన చోట కూడా మొదట తోచిన ఎత్తుతో తృప్తిపడుతున్నాడు. గట్టిగా, చాలాకాలం ఎదిరించి నిలిస్తే అక్కడక్కడ పొరపడగలడు. ఈ ఒక్క ఆశతో అలెఖిన్ బరిలో దిగాడు.

ముందుగా ఆరు ఆటలు గెలిచినవాడు విజేత. డ్రాలు లెక్కకు రావు. సెప్టెంబరు 16న ఆరంభమైన పోటీ నవంబరు 29 దాకా సాగింది. 34 ఆటలలో 32 ఆటలకు ఒకే ఆరంభం. 25 ఆటలు డ్రా. నడుమ దంతబాధతో ఆరు పళ్ళు తీయించుకొని కూడా అలెఖిన్ పట్టు సడలించలేదు. చివరకు ఆరు గెలుపులు, మూడు ఓటములతో అతడు విజేత అయ్యాడు. కాపబ్లాంకా చివరి ఆటను కొనసాగించడానికి రాక, ఓటమిని అంగీకరిస్తూ చీటీ పంపాడు. ప్రతిభను పరిశ్రమ జయించిన సందర్భాలలో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

ఆ పోటీ జరుగుతుండగానే ఫ్రాన్స్ అతనికి పౌరసత్వం ఇచ్చింది. పారిస్‌లోని ప్రవాస రష్యనులు అతనికి విందు చేశారు. దానితో ఆగ్రహించి, 1928లో సోవియట్ చదరంగ పెద్ద క్రిలెంకో అతణ్ణి శత్రువుగా ప్రకటించాడు. మాస్కోలోనే ఉండిపోయిన అన్న అలెక్సీ తమ్మునితో తనకే సంబంధమూ లేదని బహిరంగంగా ప్రకటించవలసి వచ్చింది. అన్నదమ్ములు తిరిగి కలుసుకోలేదు.

విజేత అయిన తరువాత అలెఖిన్ ఆట మరింత పదునెక్కింది. 1930లో ఇటలీలోని సాన్ రెమోలో 15 ఆటలకు 14 పాయింట్లు సాధించాడు. 1931లో బ్లెడ్‌లో ద్వితీయుని కన్న అయిదున్నర పాయింట్లు ముందు నిలిచాడు. బోగోల్యుబోవ్‌ను 1929లోను, 1934లోను ఓడించి బిరుదు నిలుపుకొన్నాడు. కాని కాపబ్లాంకాకు మాత్రం మరల అవకాశమివ్వలేదు. ఏ పదివేల డాలర్ల నియమాన్ని ఆ క్యూబా వీరుడు విధించాడో, దానినే అక్షరం పొల్లుపోకుండా అతనిపై తిరిగి ప్రయోగించాడు. 1929 ఆర్థిక మాంద్యం తరువాత అంత ధనం సమకూర్చడం దుస్సాధ్యమైంది. 1927 నుండి 1936 వరకు ఆ ఇద్దరూ ఒకే పోటీలో కూడా కలిసి ఆడలేదు. నియమం దృష్ట్యా అలెఖిన్‌ను తప్పుపట్టలేము. కాని బల్లపై అంతటి ధైర్యశాలి, బల్ల వెలుపల తన ప్రథమ ప్రత్యర్థి ముఖం చూడడానికి జంకాడన్న అపవాదు అతణ్ణి వీడలేదు.

క్రమంగా మద్యం అతణ్ణి లొంగదీసింది. 1935లో హాలెండుకు చెందిన గణితోపాధ్యాయుడు మాక్స్ యూవేతో పోటీ జరిగింది. తొలుత ఆధిక్యంలో ఉన్న అలెఖిన్ చివరకు ఒక్క పాయింటు తేడాతో బిరుదు కోల్పోయాడు. ఇక్కడ యూవే శీలం మెచ్చుకోదగినది. కొర్రీలేవీ పెట్టకుండా, అలెఖిన్ కాపబ్లాంకాకు నిరాకరించిన ఆ మరో అవకాశాన్నే అతడు అలెఖిన్‌కు ఇచ్చాడు. అలెఖిన్ మద్యం మాని, దేహాన్ని, ఆటను సరిదిద్దుకొని, 1937లో పది ఆటలు గెలిచి, నాలుగు మాత్రమే ఓడి పీఠాన్ని తిరిగి పొందాడు. పోగొట్టుకొన్న బిరుదును తిరిగి గెలుచుకొన్న తొలి విజేత అతడే.

రెండవ ప్రపంచ యుద్ధం అతణ్ణి సంపూర్ణంగా కూలదోసింది. 1939లో అతడు ఫ్రాన్స్ జట్టు నాయకునిగా బ్యూనస్ ఐరిస్‌లో ఉన్నాడు. జర్మనీతో ఆడడానికి తన జట్టును అనుమతించలేదు. ఫ్రాన్స్ పతనమైన తరువాత మాత్రం, జర్మనులు నిర్వహించిన పోటీలలో ఆడాడు. 1941లో యూదు క్రీడాకారులను కించపరిచే వ్యాసాలు అతని పేరుతో వెలువడ్డాయి. వాటిని జర్మనులు మార్చి రాశారని అతడు తరువాత చెప్పుకొన్నా, చాలామంది నమ్మలేదు. ఏ యూదు మహాక్రీడాకారుల ఆటలను చూసి తాను నేర్చుకొన్నాడో, వారినే నిందించిన ఆ వ్యాసాలు అతని కీర్తికి మాయని మచ్చ. యుద్ధం ముగిశాక లండన్ పోటీకి పిలిచినవారే, ఇతరుల అభ్యంతరాల మూలంగా ఆ ఆహ్వానాన్ని ఉపసంహరించుకొన్నారు.

చివరి రోజులు పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో, ఒక హోటల్ గదిలో గడిచాయి. ధనం లేదు, ఆరోగ్యం లేదు, తోడు లేదు. అప్పుడు వచ్చింది సోవియట్ దేశపు యువ వీరుడు బొట్విన్నిక్ నుండి పోటీకి పిలుపు. తనను శత్రువన్న దేశమే తనతో ఆడతానన్నది! అలెఖిన్ అంగీకరించాడు. ఏర్పాట్లు సాగుతుండగానే, 1946 మార్చి 24న, గదిలో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్లే మరణించి కనిపించాడు. ఒంటిపై చలికోటు, ఎదుట భోజనపాత్రలు, ప్రక్కన చదరంగపు బల్ల. మాంసపు ముక్క గొంతుకు అడ్డుపడినదని శవపరీక్షలో తేల్చారు.

విజేత లేని పీఠానికి 1948లో అంతర్జాతీయ సమాఖ్య అయిదుగురి మధ్య పోటీ నిర్వహించగా, బొట్విన్నిక్ గెలిచాడు. ఆ పైన దశాబ్దాలపాటు ప్రత్యర్థిని నిర్ణయించే అధికారం విజేత చేతినుండి సమాఖ్యకు మారింది. 1956లో అలెఖిన్ అవశేషాలను పారిస్‌లోని మొంపర్నాస్ శ్మశానవాటికకు తరలించి, సమాధి కట్టారు. దానిపై చెక్కిన జనన, మరణ తేదీలు రెండూ తప్పే. అక్టోబరు 31కి మారుగా నవంబరు 1 అని, మార్చి 24కి మారుగా 25 అని ఉన్నది.