ముందు ఎద్దు, వెనక ‘స’: చోడగంగదేవుడి నాణెం

గుణుపురం దాటి పారే వంశధార, కాశీనగరం మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి ముఖలింగం పక్కనుంచి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ముఖలింగం ఇప్పుడు పాత గుళ్లున్న ఒక పల్లెటూరు. తూర్పు గంగరాజుల కాలంలో మాత్రం అదే కళింగనగరం, వాళ్ల రాజధాని. 1078లో అక్కడ చిన్న వయసులోనే ఒక రాజకుమారుడికి పట్టాభిషేకం జరిగింది. ఆయనే అనంతవర్మ చోడగంగదేవుడు. ఆ తర్వాత సుమారు డెబ్బై ఏళ్లు రాజ్యం చేశాడు. మన దేశ చరిత్రలో అంతకాలం సింహాసనం మీద ఉన్నవాళ్లు చాలా తక్కువ.

తండ్రి రాజరాజ దేవేంద్రవర్మ గంగ వంశీయుడు. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. చోడగంగ అన్న పేరులో అమ్మగారి వంశం, నాన్నగారి వంశం రెండూ ఉన్నాయి. మేనమామల వైపు చుట్టరికం ఉన్నా యుద్ధం తప్పలేదు. కులోత్తుంగ చోళుడి సేనాని కరుణాకర తొండైమాన్ కళింగం మీదికి దండెత్తి వచ్చి గట్టి దెబ్బే కొట్టాడు. ఆ దెబ్బ నుంచి కోలుకున్న చోడగంగుడు ఉత్తరానికి తిరిగి ఉత్కళాన్ని తన కిందికి తెచ్చుకున్నాడు. గంగానది నుంచి గోదావరి దాకా ఉన్న నేల మీద పన్ను వసూలు చేసిన రాజని తర్వాతి తరాల శాసనాలు ఆయన్ను తలచుకున్నాయి. పూరీలో ఇప్పుడు మనం చూసే జగన్నాథ ఆలయాన్ని కట్టడం మొదలుపెట్టింది ఈయనే.

మన పిల్లలు చదివే పాఠాల్లో ఇక్కడి వరకు ఏదో రూపంలో ఉంటుంది. ఆయన నాణెం సంగతి మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

గంగరాజులది పణం అనే చిన్న బంగారు నాణెం. చొక్కా గుండీ కంటే చిన్నది. బరువు అర గ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. ఒక వైపు కాళ్లు ముడుచుకుని పడుకున్న ఎద్దు, దాని చుట్టూ కొన్ని చిన్న గుర్తులు. రెండో వైపు తెలుగు-కన్నడ లిపిలో ‘స’ అనే ఒక్క అక్షరం, అంటే సంవత్సరం. దాని పక్కన ఏనుగు అంకుశం, కొన్నిటి మీద గొడ్డలి కూడా. కింద ఒక అంకె. రాజు గద్దెనెక్కి ఎన్నో ఏడో అది చెబుతుంది. అంతే. రాజు బొమ్మ లేదు, రాజు పేరూ లేదు.

ఆ రోజుల్లో నాణెం పట్టుకునేవాళ్లలో చదువు వచ్చినవాళ్లు కొద్దిమందే. ఇది ఎవరి సొమ్ము, ఏ రాజ్యంలో చెల్లుతుంది అన్నది బొమ్మను బట్టే తెలియాలి. అందుకే పక్కనున్న వేంగి చాళుక్యులు వరాహాన్ని వేయించారు. చాళుక్యుల ఆ వరాహం నుంచే వరహా అనే మాట నాణేనికి పేరై మన భాషలో నిలిచిపోయింది. చోళులు పులిని వేసి, దాని పక్కన తాము గెలిచిన పాండ్యుల చేపను, చేరుల వింటిని కూడా చేర్చారు. అంటే గెలుపు కూడా నాణేనికి ఎక్కిందన్నమాట. గుప్తులైతే ఏకంగా రాజు బొమ్మనే వేయించారు. గంగులకు మాత్రం ఎద్దే.

ఎద్దే ఎందుకు? దీనికి జవాబు చోడగంగుడే రాయించి పెట్టాడు. విశాఖపట్నం రాగిశాసనాలుగా పేరుపడ్డవాటిలో 1118 నాటిది ఒకటుంది. అందులో వంశకథ వస్తుంది. వంశానికి మూలపురుషుడైన కామార్ణవుడు సొంత ఊరు విడిచి తూర్పుకు వచ్చాడు. మహేంద్రగిరి ఎక్కి గోకర్ణస్వామిని కొలిచాడు. ఆ స్వామి దయవల్ల ఎద్దు గుర్తు దొరికింది. ఆ తర్వాతే కొండ దిగి కళింగాన్ని గెలిచాడు. గోకర్ణస్వామి అంటే శివుడు కాబట్టి ఎద్దు ఆయన వాహనమైన నంది. రాగిరేకులను కట్టే ముద్ర మీదా ఇదే ఎద్దు. మహేంద్రగిరి మనకు దూరమేమీ కాదు. గుణుపురం నుంచి పర్లాకిమిడి వైపు వెళ్తే ఆ కొండల దారి పట్టొచ్చు. గోకర్ణేశ్వర ఆలయం ఇప్పటికీ ఆ కొండ మీదే ఉంది.

కథలో నిజమెంతో పక్కన పెడదాం. దాన్ని రాయించిన ఏడాది చూడండి. ఉత్కళ రాజును, వేంగి రాజును తానే నిలబెట్టానని చోడగంగుడు చెప్పుకున్నదీ ఇదే శాసనంలో. రాజ్యం పెరిగింది. కొత్త నేల, కొత్త భాష, కొత్త దేవుడు దగ్గరవుతున్నారు. తొలినాటి శాసనాల్లో పరమ మాహేశ్వరుడని, అంటే శివభక్తుడని చెప్పుకున్న రాజు తర్వాత పరమ వైష్ణవుడని కూడా చెప్పుకున్నాడు. రాజ్య కేంద్రం కూడా మెల్లగా ముఖలింగం వదిలి కటకం వైపు జరిగింది. ఇన్ని మారుతున్నప్పుడు గుర్తు కూడా మార్చవచ్చు. జగన్నాథుడికి గుడి ఎత్తిన రాజు గరుడుణ్ణి వేయిస్తే అడిగేవాడెవడు? అయినా ఎద్దు కదల్లేదు. బొమ్మ మారితే సంతలో నాణెం చెల్లుతుందో లేదో అన్న అనుమానం పుడుతుందన్న లెక్క కూడా దీని వెనక ఉండి ఉండాలని నాకనిపిస్తుంది. కొత్తగా కలిసిన జనానికి తామెవరో చెప్పుకోవాలంటే పాత గుర్తే బలమని కూడా అనుకుని ఉండవచ్చు.

లెక్కల మాస్టార్లకు ఇక్కడ ఒక విషయం ఉంది. గుప్తుల కాలం దాకా నాణేల మీద ఏడాది వేయాలంటే పదికో గుర్తు, ఇరవైకో గుర్తు, నూటికో గుర్తు. గంగుల నాణేల మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలే ఉంటాయి, పదుల స్థానాన్ని బట్టి విలువ. స్థాన విలువ పద్ధతిలో ఏడాది వేసిన తొలి నాణేల్లో ఇవి ఉన్నాయని నాణేల శాస్త్రజ్ఞులు చెబుతారు. స్థాన విలువ పాఠానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. పేరు లేకపోయినా, పెద్ద అంకె ఉన్న నాణేన్ని చోడగంగుడి ఖాతాలో వేసేదీ అందుకే. అన్నేళ్లు ఏలినవాడు మరి ఆయనే.

గంగుల తర్వాతి కాలం అంకెల్లో ఇంకో చిక్కుంది. దాన్ని అంక పద్ధతి అంటారు. ఒకటిని వదిలేస్తారు, ఆరుతో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు, పది తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. అలా లెక్కిస్తే 19వ అంకం అంటే నిజానికి పదహారో ఏడు. ఒడియా పంజిలో పూరీ గజపతి పేరున ఇప్పటికీ అంకం వేస్తారు. ఇంట్లో పంజి ఉంటే పిల్లలతో విప్పించి చూడండి.

చోడగంగుడు తెలుగు రాజా, ఒడియా రాజా అన్న తగువు కొన్నిచోట్ల వినిపిస్తుంటుంది. మన పిల్లల్ని బడి బయట ఎవరైనా మీరు ఇక్కడివాళ్లు కాదుగా అన్నప్పుడు ఆ తగువు ఇంటిదాకా వస్తుంది. ఆయన్ను మనవాడని ఒక్కరమే లాక్కోవడం సరికాదు. అలాగని మనకేమీ కాడనడమూ సరికాదు. ముఖలింగం గుడి రాళ్ల మీద సంస్కృతంతో పాటు తెలుగు శాసనాలు దండిగా ఉన్నాయి. ఒడియాలో దొరికిన తొలి శాసనంగా చెప్పే 1051 నాటి ఉరజాం శాసనం ఆయన తాత వజ్రహస్తుడి కాలానిది. అది దొరికింది శ్రీకాకుళం జిల్లాలో. పూరీలో గుడి ఎత్తిన రాజు నాణెం మీదున్నది తెలుగువాళ్లు, కన్నడిగులు ఉమ్మడిగా వాడుకున్న లిపిలోని అక్షరం. మన బడిలో తెలుగు వాచకం, ఒడియా వాచకం ఒకే సంచిలో ఉంటాయి. ఆయన రాజ్యంలోనూ అలాగే ఉండేవి.

నాణెం మీద ఏ బొమ్మ ఉండాలన్న ప్రశ్న మనకూ వచ్చింది. 1950లో బ్రిటిష్ రాజు ముఖం తీసేసి అశోకుడి సింహాలను వేశాం. పది రూపాయల కొత్త నోటు వెనకున్న కోణార్క చక్రం గంగుల పనే. ఆ గుడి కట్టించిన నరసింహదేవుడు చోడగంగుడి వంశంలోనివాడు.

చోడగంగుడు 1147 ప్రాంతంలో పోయాడు. ఆయన కొడుకులు నలుగురు, కామార్ణవుడు, రాఘవుడు, రాజరాజు, అనియంకభీముడు, ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కారు. కొత్త రాజు వచ్చిన ప్రతిసారీ నాణెం వెనక అంకె మళ్లీ మొదటికి వచ్చేది. ముందు వైపు ఎద్దు అలాగే పడుకుని ఉండేది.