జార్జి ముల్లరుగారి ఎడతెగని ప్రార్థన

ధ్యానమునకు: 1 సమూయేలు 12:19-25, లూకా 18:1-8

ఇశ్రాయేలీయులు తమకు రాజు కావలెనని కోరి, వృద్ధుడైన సమూయేలును ప్రక్కకు నెట్టిరి. అయినను వారి నిమిత్తము ప్రార్థించుట మానినయెడల అది దేవునికి విరోధమైన పాపమగునని ఆయన యెంచెను. మన జీవితములోనుండి తొలగిపోయినవారు మన ప్రార్థనలోనుండియు తొలగిపోవలెనా? ప్రియ చదువరులారా, జార్జి ముల్లరుగారి జీవితము ఈ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నది.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో జన్మించిరి. తండ్రి సర్కారు పన్నులు వసూలుచేయు ఉద్యోగి. పదియేండ్లు నిండకమునుపే ఈ బాలుడు తండ్రియొద్దనున్న సర్కారు సొమ్ము దొంగిలింప నేర్చెను. 14వ యేట, తల్లి మరణశయ్యమీద నున్న రాత్రి, ఆ సంగతి తెలియక పేకాటలో మునిగియుండెను. 16వ యేట హోటలు బాకీ చెల్లింపక చెరసాల పాలాయెను. బోధకుడగుటకై హాలే విశ్వవిద్యాలయములో చేరినను నడత మారలేదు.

అచ్చట బేటా అను పాత సహపాఠి కలిసెను. బేటా ఒకప్పుడు భక్తిగలవాడై వెనుకకు జారినవాడు. అతని స్నేహమువలన తాను బాగుపడుదునని ముల్లరు తలచెను. ముల్లరు స్నేహమువలన లోకసుఖములు దొరకునని బేటా తలచెను. ఇరువురును ఊహింపని మేలు దేవుడు చేసెను. 1825 నవంబరులో ఒక శనివారము సాయంకాలము బేటా ఆయనను ఒక విశ్వాసి యింట జరుగు ప్రార్థనకూటమునకు తీసికొనిపోయెను. అచ్చట ఒకరు మోకాళ్లూని ప్రార్థించుట ఆయన చూచిరి. అంతకుమునుపు ఎన్నడును అట్లు చూచియుండలేదు. ఆ సాయంకాలమునుండి ఆయన జీవితము మారెను.

తన రక్షణానందమును తండ్రికిని సోదరునికిని ఉత్తరములలో వ్రాసి, వారును ప్రభువును వెదకవలెనని వేడుకొనిరి. మిషనెరీ కాగోరిన కుమారునిమీద తండ్రి మిక్కిలి కోపించెను. అయినను ముల్లరుగారు వెనుదీయలేదు. 1829లో ఇంగ్లండు చేరి, 1830లో మేరీ గ్రోవ్స్ గారిని వివాహమాడిరి. 1836లో బౌడెన్, బీర్ దొరగార్లను మన తెలుగుదేశ సేవకై తోడ్కొని వచ్చిన గ్రోవ్స్ దొరగారు ఈమె సోదరుడే. ఆ 1836లోనే ముల్లరుగారు బ్రిస్టల్ పట్టణములో అనాథ శరణాలయము తెరచిరి. ధనము కొరకు ఏ మనుష్యుని అడుగక, దేవునినే అడిగి, తన జీవితకాలములో సుమారు పదివేలమంది బిడ్డలను పోషించిరి.

అట్టి ప్రార్థనాపరుడు 1844 నవంబరులో ఐదుగురి మారుమనస్సు కొరకు ప్రార్థింప మొదలిడిరి. ఆరోగ్యముగా నున్నను జబ్బుగా నున్నను, నేలమీదనైనను సముద్రముమీదనైనను, ఒక్క దినమైనను మానలేదు. పదునెనిమిది నెలలకు మొదటివాడు మారెను. మరి ఐదేండ్లకు రెండవవాడు, ఇంకను ఆరేండ్లకు మూడవవాడు మారిరి. ప్రతిసారియు ఆయన దేవుని స్తుతించి, మిగిలినవారి కొరకు మరల మోకాళ్లూనిరి.

మిగిలిన ఇరువురు ఆయన యౌవనకాలపు స్నేహితుని కుమారులు. ముప్పదియారేండ్లు గడచినను వారు మారలేదు. పిల్లల ఆహారము కొరకు ప్రార్థించిన దినముననే జవాబు పొందిన ఆ మనుష్యుడు, ఈ ఇరువురి కొరకు యాభై యేండ్లకు మించి కనిపెట్టవలసి వచ్చెను. 1898 మార్చి 10న తన 92వ యేట ఆయన ప్రభువునందు నిద్రించిరి. ఆ దినమువరకు వారి మార్పును ఆయన కన్నులు చూడలేదు. తరువాత వారును ప్రభువును చేర్చుకొనిరని ఆయన చరిత్ర వ్రాసిన కొందరు చెప్పుదురు.

ప్రియులారా, ఇందు మనకు గొప్ప హెచ్చరికయు ఆదరణయు గలవు. జవాబు ఆలస్యమైనంతమాత్రాన దేవుడు నిరాకరించెనని తలపరాదు. ఫలము కంటితో చూచుట మన వంతు కాకపోవచ్చును. విసుగక ప్రార్థించుట మాత్రము మన వంతే.

మనకును పాత స్నేహితులు గలరు. ఒకప్పుడు మనతో బడిలో కూర్చున్నవారు, మనవలన చెడినవారు, మనలను నొప్పించి దూరమైనవారు గలరు. కొందరి యింటి దారి మనకు తెలియును. అట్టివారియొద్దకు వెళ్లి సమాధానపడవలెనని ప్రభువు మత్తయి 5:23-24లో ఆజ్ఞాపించెను. ప్రార్థన ఆ పనికి బదులు కాదు. మరి కొందరు ఎచ్చట నున్నారో మనకు తెలియదు, దేవునికి తెలియును. వారిని చేరుటకు మనకు మిగిలిన త్రోవ ప్రార్థనయే.

ఈ నెలలో అట్టివారిని ఐదుగురిని జ్ఞాపకము చేసికొని, వారి పేర్లు వ్రాసి బైబిలులో నుంచుకొందము. దినదినము ఆ పేర్లు ప్రభువు సన్నిధిని ఎత్తుదము. ఒకడు మారినప్పుడు స్తోత్రము చెల్లించి, మిగిలినవారి కొరకు మరల మోకాళ్లూనుదము. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.