రోగి కళ్లెదుట కూర్చున్న నర్సు – ఫ్లోరెన్స్ నైటింగేల్ గారు

నర్సు ఉద్యోగం చేసే ఆడబిడ్డ లేని సంఘం మనలో అరుదు. నైటింగేల్ గారి చేతి దీపం గూర్చి వారంతా శిక్షణ నాడే విని ఉంటారు. ఆమె రోగితో మెలగిన తీరును గూర్చి మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాము.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ పట్టణంలో, ధనవంతులైన ఆంగ్లేయ కుటుంబంలో జన్మించారు. పదహారేండ్ల ప్రాయంలో దేవుని పిలుపు విన్నానని నమ్మారు. నర్సు పనికి ఆనాడు గౌరవం లేదు గనుక ఇంటివారు చాలాకాలం ఒప్పుకోలేదు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో డీకనెస్సుల వద్ద కొద్ది నెలలు శిక్షణ పొందారు.

1854 నవంబరులో 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. అక్కడ కాళ్లు చేతులు తీసివేసే ఆపరేషన్లు వార్డులోనే, అందరి కళ్లెదుట జరిగేవి. రేపు కత్తి క్రిందికి వెళ్లవలసినవాడు నేడు తోటివాని చావు చూస్తే, వాడు బ్రతికే అవకాశం మరింత తగ్గుతుందని ఆమె గ్రహించారు. అడ్డుగా పెట్టుటకు ఒక తెర కోసం కబురు పంపారు. చనిపోయినవారి తల్లులకు, భార్యలకు తానే ఉత్తరాలు వ్రాసి, చివరి ఘడియలు ఎలా గడిచాయో తెలియజేసేవారు.

అయినను ఆ చలికాలంలో సైనికులు వేల సంఖ్యలో మరణించారు. 1855 మార్చిలో వచ్చిన పారిశుధ్య సంఘంవారు మురుగు కాలువలు బాగుచేయించిన తర్వాతే మరణాలు బాగా తగ్గాయి. దయ ఒక్కటే చాలదని ఆ లెక్కలు ఆమెకు నేర్పినవి. ఆ బాధ ఆమెను జీవితాంతం విడువలేదనే అనుకుంటాను.

తిరిగి వచ్చాక నర్సింగు గూర్చి వ్రాసిన చిన్న పుస్తకంలో రోగితో మాట్లాడే పద్ధతికి చాలా చోటిచ్చారు. వెనుక నుండి గాని, గుమ్మం దగ్గర నిలబడి గాని రోగిని పలకరించరాదు. అతడు తల త్రిప్పనవసరం లేకుండా ఎదుట కూర్చోవాలి. మంచం కదపరాదు. తలుపు బయట గుసగుసలాడితే లోపలివాడు చెవులు రిక్కించి అలసిపోతాడు. ఏమీ కాదులే అని వట్టి ధైర్యం చెప్పేవారిమీద ఆమెకు కోపమే. అలా చెబితే రోగి తన భయం చెప్పుకొనే దారి మూసుకుపోతుంది. నేడు ఐ.సి.యు.లో గొంతులో గొట్టంతో, మాట రాక పడుకున్న మనిషి దగ్గర ఈ సంగతులు ఇంకా ఎక్కువ అవసరం. నర్సమ్మ పేరు పెట్టి పిలిచి, చేయబోయేది చెప్పి ముట్టుకుంటే ఆ మనిషి ఉలికిపడడు.

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేర నర్సుల పాఠశాల ప్రారంభమైంది. ఆమె మన దేశం ఎన్నడూ రాలేదు గాని, ఇక్కడి కరువుల గూర్చి, కాలువల గూర్చి ఎంతో వ్రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారి వాదాన్ని బలపరచారు. యానాంవారికి ఈ సంగతి సంతోషం కలిగించవచ్చు.

1910 ఆగష్టు 13న కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామంటే కుటుంబంవారు ఒప్పుకోలేదు. ఈస్ట్ వెల్లో గ్రామంలోని కుటుంబ సమాధి రాతిమీద ఆమెకు చెక్కించినవి రెండు పొడి అక్షరాలు, రెండు తేదీలు మాత్రమే.