మూడుసార్లు పరీక్ష తప్పిన మహావైద్యుడు లీ షీజెన్



మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు ప్రతి ఏడూ వస్తూనే ఉంటాయి. అంబేద్కర్, ఫూలేల గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. అందుకని ఈసారి నేను మనకు అంతగా పరిచయం లేని, చైనాలో మాత్రం స్కూలు పిల్లలకు కూడా తెలిసిన ఒక వైద్యుని గురించి రాస్తున్నాను.

దీనికి కారణం ఉంది. ఈమధ్య మన పట్టణాల్లోనూ ఆక్యుపంక్చర్ బోర్డులు కనిపిస్తున్నాయి. చదువుకున్నదాన్ని కదా అని ఊళ్ళో పెద్దవాళ్ళు అది నమ్మొచ్చునా అని నన్నడుగుతారు. నేను డాక్టరును కాను. జవాబు కోసం వెతుకుతుంటే, దాదాపు 450 ఏళ్ళ క్రితమే తన వైద్యాన్ని తానే ప్రశ్నించిన ఒక చైనా వైద్యుడు కనిపించాడు.

లీ షీజెన్ క్రీ.శ. 1518లో మింగ్ వంశ పాలనలో, ఇప్పటి హూబె రాష్ట్రంలోని చీజౌలో పుట్టాడు. తాత చేతిలో గంట పట్టుకుని మోగిస్తూ ఊరూరా తిరిగి మందులిచ్చేవాడు. అలాంటి సంచార వైద్యులకు ఆనాటి సమాజంలో గౌరవం లేదు. తండ్రి లీ యెన్‌వెన్ చదువుకున్న వైద్యుడే. చీజౌలో పెరిగే ఒక రకం మాచిపత్రి మీద చిన్న పుస్తకం కూడా రాశాడు. మనం వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రికి అది దగ్గరి చుట్టం. దాని ఎండుటాకును దంచి ఉండలు చేసి, శరీరం మీద కొన్ని స్థానాల్లో వెలిగించి వేడి పట్టిస్తారు. ఆక్యుపంక్చర్‌కు చైనావాళ్ళు వాడే పేరులోనే సూది ఒక సగం, ఈ కాల్చడం ఒక సగం.

అంతటి తండ్రికి కూడా కొడుకు వైద్యుడు కావడం ఇష్టం లేదు. ప్రభుత్వ పరీక్షలు రాసి అధికారి కావాలనేది ఆయన కోరిక. లీ షీజెన్ 14వ ఏటనే మొదటి మెట్టు దాటాడు. తర్వాతి పరీక్ష మూడేళ్ళకోసారి వూచాంగ్ నగరంలో జరిగేది. అందులో మూడుసార్లు వరసగా తప్పాడు. మూడోసారి తప్పేనాటికి ఆయనకు 23వ ఏడు. నాకూ ఇప్పుడు ఇరవై మూడే. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఆ తండ్రి ఆశ ఆ కుర్రవాడి భుజాల మీద ఎంత బరువుగా ఉండేదో కొంత ఊహించగలను. ఇరవయ్యేళ్ళ వయసులో ఆయనకు విడవని దగ్గు, ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి, చనిపోతాడనుకున్నారు. తండ్రి ఒకే ఒక వేరు కషాయంతో బతికించాడు. ఈ సంగతి ఆయన తన పుస్తకంలోనే రాసుకున్నాడు. చివరికి తండ్రిని ఒప్పించి, ఆయన దగ్గరే వైద్యం నేర్చుకున్నాడు.

మంచి హస్తవాసి అని పేరొచ్చింది. చూ రాకుమారుని కొలువులో పనిచేశాడు, కొంతకాలం బీజింగ్ రాజ వైద్యశాలలోనూ ఉన్నాడు. అక్కడ ఎక్కువకాలం నిలవలేదు.

ఆయన్ని బాధపెట్టింది వైద్య గ్రంథాల్లోని తప్పులు. అప్పటికి వైద్యులు నమ్ముకున్న ప్రధాన మూలికా గ్రంథం నాలుగు వందల ఏళ్ళకు పైబడినది. రెండు వేరువేరు మొక్కలను ఒకే పేరు కింద కలిపేసిన చోట్లున్నాయి. ఒకే మొక్కను రెండుగా రాసిన చోట్లూ ఉన్నాయి. పేరు తప్పితే మందు తప్పుతుంది, మందు తప్పితే మనిషి పోతాడు. 1552లో, 34 ఏళ్ళ వయసులో, అన్నిటినీ సరిచేస్తూ కొత్త గ్రంథం మొదలుపెట్టాడు. 1578 దాకా ఆ పని సాగింది. మూడుసార్లు తిరగరాశాడు. సుమారు 800 గ్రంథాలు చదివాడు. చదివి ఊరుకోలేదు. పాములు పట్టేవాళ్ళు, జాలర్లు, వేటగాళ్ళు, కట్టెలు కొట్టేవాళ్ళు, రైతులు, ఎవరికి ఏది తెలిస్తే వాళ్ళను అడిగాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. గంట మోగిస్తూ తిరిగిన తాత మనవడికి ఎవరి దగ్గర కూర్చోవడమూ నామోషీ అనిపించలేదు.

పాత పుస్తకాల్లో అలుగు గురించి ఒక వింత కథ ఉండేది. అది పెంకులు విప్పి చచ్చినట్టు పడుకుంటుందనీ, చీమలు లోపలికి చేరగానే మూసుకుని నీళ్ళలోకి దిగి, తేలిన చీమలను తింటుందనీ. లీ షీజెన్ అలుగు కడుపు కోసి చూశాడు. శేరుకు దగ్గరగా చీమలున్నాయి. అది నాలుక చాపి చీమలను తింటుందని రాశాడు. ఉమ్మెత్త పువ్వు సంగతి ఇంకా తమాషా. అది కలిపిన సారా తాగినవాడు ఎదుటివాడు నవ్వితే నవ్వుతాడనీ, ఆడితే ఆడతాడనీ జనం చెప్పుకునేవారు. ఆయన స్వయంగా తాగి పరీక్షించాడు. పుండ్లు కోసేటప్పుడు, మాచిపత్రి కాల్చేటప్పుడు ముందుగా అది ఇస్తే నొప్పి తెలియదని రాశాడు. పాదరసం తింటే చావుండదని చెప్పిన పెద్ద పెద్ద గ్రంథాలను మొహమాటం లేకుండా ఖండించాడు. దాన్ని తిని ఎంతమంది పోయారో గుర్తుచేశాడు.

ఆయన అన్నీ సరిగ్గానే రాశాడని నేననను. కడుపు కోసి చూసిన ఆ అలుగు పెంకులనే బాలింతలకు పాలు పడటానికి మందుగా ఎక్కించాడు. ఖడ్గమృగం కొమ్మునూ ఎక్కించాడు. ఈ రెండింటి కోసం జరిగిన వేట సంగతి మనకు తెలుసు. ఖడ్గమృగం కొమ్ము వ్యాపారాన్ని చైనా 1993లో నిషేధించింది. అలుగు పెంకులను తన అధికారిక ఔషధ గ్రంథం నుంచి 2020లో తొలగించింది. మన నల్లమలలోనూ అలుగులున్నాయి, వాటినీ పెంకుల కోసమే చంపుతున్నారు.

పేర్ల గందరగోళమైతే ఈ కాలంలోనూ ప్రాణాలు తీసింది. బెల్జియంలో ఒళ్ళు తగ్గించే ఒక క్లినిక్‌లో చైనా మూలికలు కలిపిన మాత్రలు వాడిన ఆడవాళ్ళకు మూత్రపిండాలు చెడిపోతున్నాయని 1993లో వైద్యులు బయటపెట్టారు. బాధితులు దాదాపు వందమంది. వేయవలసిన మూలిక పేరు ఫాంగ్‌జీ. దాని స్థానంలో దాదాపు అదే పేరున్న, ఈశ్వరి జాతికి చెందిన విషపు వేరు వచ్చి చేరింది. తర్వాత కొందరికి క్యాన్సర్ కూడా వచ్చింది. లీ షీజెన్ 27 ఏళ్ళు కూర్చుని విడదీయాలని చూసిన చిక్కు ఇలాంటిదే.

ఇక సూదుల సంగతి. శరీరంలో ప్రాణశక్తి తిరిగే దారులున్నాయని చైనా వైద్యం చెబుతుంది. వాటిలో ఎనిమిది ప్రత్యేక దారుల మీద లీ షీజెన్ ఒక చిన్న పుస్తకం రాశాడు, ఆక్యుపంక్చర్ వాళ్ళు దాన్ని ఇప్పటికీ చదువుతారు. కోసి చూస్తే అలాంటి దారులు శరీరంలో కనపడవు. 2007లో ప్రచురించిన ఒక జర్మనీ పరిశోధనలో 1162 మంది నడుంనొప్పి రోగులను మూడు భాగాలు చేశారు. సరైన స్థానాల్లో సూదులు గుచ్చినవాళ్ళలో నూటికి 48 మందికి, కావాలనే వేరేచోట్ల పైపైన గుచ్చినవాళ్ళలో 44 మందికి, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 27 మందికి గుణం కనిపించింది. అంటే సూది వల్ల ఏదో మేలు ఉండవచ్చు, స్థానం వల్ల మాత్రం పెద్ద తేడా కనపడలేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకు నేను ఇంతవరకే చెబుతున్నాను. నొప్పికి వెళితే వెళ్ళండి, షుగరు మాత్రలు, బీపీ మాత్రలు మాత్రం మానకండి అంటున్నాను.

గ్రంథం పూర్తయ్యాక అచ్చువేసేవాళ్ళు దొరకలేదు. పేరు మోసినవాళ్ళు ముందుమాట రాస్తే గానీ పుస్తకం కదలదు. 1580లో ఆయన వాంగ్ షీజెన్ అనే గొప్ప పండితుని ఇంటికి వెళ్ళి అడిగాడు. ఆ ముందుమాట 1590లో వచ్చింది. పదేళ్ళు! తర్వాత నాన్‌జింగ్ నగరంలో హూ చెంగ్‌లుంగ్ అనే ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. కొడుకులు, మనవళ్ళు, శిష్యుడు కలిసి బొమ్మలు గీశారు, ప్రతులు సరిచూశారు. 52 భాగాలు, 1892 మందు పదార్థాలు, 11,096 మందు యోగాలు. గ్రంథం పేరు బెన్‌త్సావ్ గాంగ్‌మూ. అది పూర్తిగా అచ్చై బయటికొచ్చింది 1596లో. లీ షీజెన్ 1593లోనే కన్నుమూశాడు.

కొడుకు ఒక ప్రతిని పట్టుకుని రాజధానికి వెళ్ళి వాన్‌లీ చక్రవర్తికి సమర్పించాడు. చక్రవర్తి చూస్తామని రాసి పక్కన పెట్టించాడు, అంతే. పుస్తకం మాత్రం ఆగలేదు. 1607 నాటికి జపాన్ చేరింది. 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరింది. లీ షీజెన్ సమాధి చీజౌలో, తల్లిదండ్రుల సమాధి దగ్గరే ఉంది.