మొదట మూడు చక్రాలు.. ఏడేళ్లకు నాలుగు!

స్టీరింగ్ కాస్త వదిలితే చాలు.. కారు ఎడమకు లాగేస్తుంది. వెంటనే అలైన్‌మెంట్ పోయిందంటాం. ముందు చక్రాలతో ఈ తంటా ఇవాళ్టిది కాదు. పెట్రోలు కారుకు పేటెంటు తెచ్చిన కార్ల్ బెంజ్‌నే అది ఏళ్ల తరబడి సతాయించింది.

బెంజ్ 1844లో జర్మనీలోని కార్ల్స్‌రూహె దగ్గర పుట్టారు. నాన్న రైలింజన్ డ్రైవర్. కొడుక్కి రెండేళ్లు నిండకముందే కన్నుమూశారు. అమ్మ కష్టపడి చదివించింది. 19 ఏళ్లకే పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ పూర్తిచేశారు. అయినా మంచి ఉద్యోగం వెంటనే తలుపు తట్టలేదు. ఇంజినీరింగ్ వర్క్‌షాప్, తూనిక యంత్రాల ఫ్యాక్టరీ, వంతెనలు కట్టే సంస్థ.. ఇలా చోట్లు మారుతూనే ఉన్నారు.

1871లో మన్‌హైమ్‌లో భాగస్వామితో కలిసి వర్క్‌షాప్ పెడితే పొత్తు కుదరలేదు. కాబోయే భార్య బెర్తా తన కట్నం డబ్బును పెళ్లికి ముందే తెచ్చి ఇస్తే, ఆ వాటా కొని నిలబడ్డారు. ఆ తర్వాతా అప్పులు తప్పలేదు. అయినా పట్టు వదల్లేదు. 1879 చివరి రోజు రాత్రి ఆయన ఇంజిన్ మొదటిసారి ఆగకుండా నడిచింది.

1886 జనవరి 29న కారుకు పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. దానికి ఉన్నవి మూడు చక్రాలే! ఎందుకంటే రెండు ముందు చక్రాలను సరిగ్గా తిప్పే పద్ధతి అప్పటికి ఆయనకు చిక్కలేదు. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం చిన్న వృత్తంలో, బయటి చక్రం పెద్ద వృత్తంలో వెళ్తాయి. రెండింటినీ ఒకే కోణంలో తిప్పితే ఒక చక్రం నేలను రాసుకుంటూ పోతుంది. రాని పనిని వచ్చినట్టు చూపించకుండా, ఒకే ముందు చక్రంతో బండిని రోడ్డెక్కించారు బెంజ్.

1888లో బెర్తా ఇద్దరు కొడుకులతో ఆ బండిలోనే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించారు. దారిలో ఇంధన గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేశారు. తప్పు ఎక్కడుందో వెతికి, అక్కడే సరిచేయడమంటే ఇదే కదా!

చివరికి 1893లో బెంజ్‌కు దారి దొరికింది. ఇరుసు మొత్తాన్నీ తిప్పకుండా, ఒక్కో చక్రం దాని పక్కనే ఉన్న కీలు మీద తిరిగే స్టీరింగ్‌కు పేటెంటు తీసుకున్నారు. గుర్రపు బండ్ల కోసం ఈ సూత్రాన్ని ఆకర్‌మన్ 1818లోనే ఇంగ్లండ్‌లో పేటెంటు చేయించారు. బెంజ్ దాన్ని తన కారుకు పనికొచ్చేలా మలిచారు. అలా వచ్చిందే నాలుగు చక్రాల విక్టోరియా. మరుసటి ఏడాది వచ్చిన వెలో వందల సంఖ్యలో తయారైంది. 1929లో కన్నుమూసేనాటికి ప్రపంచమంతా కార్లు తిరుగుతున్నాయి.

ఇంటర్వ్యూలో అడిగితే..

కారు పక్కకు లాగుతోంది, ఏం చేస్తావని అడిగితే నేరుగా అలైన్‌మెంట్ మెషీన్ పేరు చెప్పేయకండి. వరుస ఇదీ:

* ముందు టైర్లలో గాలి చూడాలి. గాలి తగ్గిన వైపుకే బండి లాగుతుంది.
* మన రోడ్లు ఎడమ అంచుకు కాస్త వాలుగా ఉంటాయి. చదునైన చోట నడిపి చూడాలి.
* ముందు టైర్లను అటూ ఇటూ మార్చాలి. లాగే వైపు కూడా మారితే తప్పు టైరుదే. ఒకే దిశలో తిరగాల్సిన టైర్లయితే ఇలా మార్చకూడదు.
* బ్రేకు వేసినప్పుడే లాగితే బ్రేకులు చూడాలి. ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కితే బ్రేకు పట్టేసినట్టే.
* టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లలో లూజు ఉందేమో చూడాలి.
* అన్నీ బాగుంటేనే క్యాంబర్, క్యాస్టర్, టో కొలవాలి. క్యాంబర్, క్యాస్టర్‌లలో కుడి, ఎడమలకు తేడా ఉంటే బండి లాగుతుంది. టో తప్పితే టైర్లు త్వరగా అరుగుతాయి.

సమాధానం తెలియనప్పుడు తెలిసిన మేరకు మొదలుపెట్టి, మిగతాది వెతుకుతూ పోవడం బెంజ్ దారి. మొదటి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకూ అదే దారి.