చిరునావల శాస్త్రవేత్త విలియం ఫ్రూడ్

కట్టిన ఇంట్లో లోపముంటే గోడ పడగొట్టి తిరిగి కట్టుకోవచ్చు. సముద్రంలోకి దించిన ఓడ విషయంలో ఆ వీలు ఉండదు. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలానికి ఆవిరి యంత్రాలతో నడిచే ఇనుప ఓడలు వచ్చాయి. కానీ తాము కట్టబోయే ఓడ ఎంత వేగంతో పోగలదో, అందుకు ఎంత శక్తిగల యంత్రం కావాలో నిర్మాతలు ముందుగా చెప్పలేకపోయేవారు. అంచనా తప్పితే అపార ధనమూ, శ్రమా వ్యర్థమయ్యేవి. ఈ చిక్కును చిన్న నమూనా నావల సాయంతో విడదీసిన మేధావి విలియం ఫ్రూడ్.

ఆయన 1810 నవంబరు 28న ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో, డార్టింగ్‌టన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఫ్రూడ్ ఆక్స్‌ఫర్డులోని ఓరియల్ కళాశాలలో చదివి, గణితంలో ప్రథమశ్రేణి సాధించాడు. 1837లో ప్రఖ్యాత ఇంజనీరు బ్రునెల్ వద్ద రైలుమార్గ నిర్మాణంలో చేరాడు. 1846లో తండ్రి సేవకోసం ఉద్యోగం విడిచి ఇంటికి వచ్చాడు. బ్రునెల్ మాత్రం ఆయన ప్రతిభను మరువలేదు. తాను నిర్మిస్తున్న 'గ్రేట్ ఈస్టర్న్' అనే మహానౌక అలలపై ఎలా ఒరుగుతుందో పరిశీలించమని కోరాడు. ఆ కోరికే ఫ్రూడ్‌ను నౌకాశాస్త్రంవైపు మళ్ళించింది.

1867లో ఆయన రెండు ఆకృతుల నావలను మూడు, ఆరు, పన్నెండు అడుగుల పొడవుల్లో చేయించి, డార్ట్ నదీముఖంలో లాగించి చూశాడు. గుండ్రని కొనలున్న దానికి 'హంస' అని, వాడి కొనలున్న దానికి 'కాకి' అని అర్థమిచ్చే పేర్లు పెట్టాడు. మన భారతంలోని హంసకాకీయంలో హంసతో పోటీపడిన కాకి ఓడిపోతుంది. ఇక్కడ మాత్రం నెమ్మదిగా పోయేటప్పుడు కాకిది, వేగం పెరిగినప్పుడు హంసది పైచేయి అయింది. అన్ని వేగాలకూ తగిన ఆదర్శాకృతి ఒక్కటే లేదని దీనివల్ల రుజువైంది.

ఓడకు నీటివల్ల కలిగే నిరోధం ప్రధానంగా రెండు విధాలని ఫ్రూడ్ గ్రహించాడు. నీరు ఓడ అడుగుభాగాన్ని ఒరుసుకోవడం వల్ల కలిగేది మొదటిది. అలలు లేవడం వల్ల కలిగేది రెండవది. ఓడ నమూనాకన్నా 16 రెట్లు పొడవైనదైతే, 16కు వర్గమూలం 4 కాబట్టి, నమూనాను ఓడ వేగంలో నాలుగవ వంతు వేగంతో లాగాలి. అప్పుడు రెండింటి చుట్టూ లేచే అలలు ఒకే తీరుగా ఉంటాయి. ఒరిపిడిని మాత్రం ఈ సూత్రంతో కొలవడం కుదరదు. అందుకని పలుచని పలకలను నీటిలో లాగి, దానిని విడిగా లెక్కగట్టాడు.

ఈ వాదాన్ని పెద్దలు వెంటనే అంగీకరించలేదు. 1869లో ఈ విషయం విచారించిన సంఘంలో అధికసంఖ్యాకులు నిజమైన ఓడలనే లాగి చూడాలన్నారు. సభ్యుడైన ఫ్రూడ్ ఒక్కడే భిన్నాభిప్రాయం ప్రకటించాడు. స్కాట్ రస్సెల్ వంటి అనుభవజ్ఞుడైన నౌకానిర్మాత కూడా నమూనాలను నమ్మలేదు. ఫ్రూడ్ కోపగించలేదు, వెనుదీయనూ లేదు. 1870లో నౌకాశాఖ మంజూరు చేసిన రెండువేల పౌండ్లతో, టార్కీలో తన ఇంటి చెంతనే సుమారు 278 అడుగుల పొడవైన నీటితొట్టిని నిర్మించాడు. తన శ్రమకు ప్రతిఫలం తీసుకోలేదు. తొట్టిపై పట్టాల మీద నడిచే చిన్న బండి, మైనంతో చేసిన నమూనాను లాగుకుపోతూ నిరోధాన్ని కాగితంపై నమోదుచేసేది. మైనం కాబట్టి పనయ్యాక కరిగించి కొత్త నమూనా పోసుకోవచ్చు.

తన సిద్ధాంతాన్ని పెద్ద ఓడతో సరిచూడవలసిన బాధ్యతను ఆయన తప్పించుకోలేదు. 1871లో 'గ్రేహౌండ్' అనే యుద్ధనౌకను మరొక నౌకచేత లాగించి నిరోధాన్ని కొలిచాడు. ముందునౌక వెనుక కలత చెందిన నీరు కొలతను చెడగొట్టకుండా, దాని ప్రక్కకు చాచిన పొడవైన దూలం నుండి తాడు కట్టించాడు. ఆ తరువాత గ్రేహౌండ్ నమూనాను తొట్టిలో పరీక్షించగా, లెక్కలు నిజమైన ఓడ కొలతలతో సరిపోలాయి. సందేహాలకు సమాధానం దొరికింది.

భార్యావియోగంతో కుంగిన ఫ్రూడ్ విశ్రాంతికై యుద్ధనౌకలో అతిథిగా ప్రయాణిస్తూ, 1879 మే 4న దక్షిణాఫ్రికాలోని సైమన్స్ టౌన్‌లో మరణించాడు. నౌకాదళ లాంఛనాలతో అక్కడే అంత్యక్రియలు జరిగాయి. కుమారుడు ఎడ్మండ్ ఆ పరిశోధనలను కొనసాగించాడు. వేగాన్నీ, పొడవునూ ముడిపెట్టే సంఖ్యను నేటికీ ఫ్రూడ్ సంఖ్య అంటారు. మన విశాఖపట్టణంలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన ఇటువంటి తొట్టి ఉంది.

ఒక నీటితొట్టి, రెండు కొయ్య పడవలు, కప్పీ మీదుగా వేలాడే బరువు, కాలం కొలిచే గడియారం ఉంటే ఈ ప్రయోగాన్ని కళాశాలలోనే మొదలుపెట్టవచ్చు. చిన్న వస్తువు పెద్ద సత్యాన్ని చెప్పగలదు. అయితే దానిని ఏ వేగంతో లాగాలో, ఏ ప్రశ్న అడగాలో తెలిసి ఉండాలి. వచ్చిన జవాబును సరిచూసుకునే నిజాయితీ ఉండాలి. ఫ్రూడ్ జీవితం నుండి విద్యార్థులు గ్రహించవలసిన పాఠం ఇదే.